గడప రాయి

వానలు మొదలయ్యే ముందు మా మ్యూజియంలో కొయ్య స్తంభాలకు వేపనూనె రాస్తాం. చెదలు పట్టకుండా. పాత చీర ముక్కను నూనెలో ముంచి, కింద నుంచి పైకి, చెక్కడాల సందుల్లోకి వేలు పెట్టి రుద్దాలి. ఆ చేదు వాసన రెండు మూడు రోజుల పాటు చేతుల్ని వదలదు. అన్నం కలిపినా అదే వాసన, ఆదివారం పాటల పుస్తకం తిరగేసినా అదే వాసన. ఈ ఏడు ఆ పని నిన్న మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి గదంతా నూనె వాసన కమ్ముకుంది. అలవాటు కొద్దీ తలుపు వైపు చూశాను. రాజేశం గారు అక్కడ నిలబడి, "ఏంది పాస్టరమ్మా, స్తంభాలకు అభిషేకం మొదలుపెట్టినవా?" అంటారేమోనని నా చెవులు ఇంకా ఎదురుచూస్తాయి. ఆయన పోయి నాలుగేళ్లు దాటింది.

జగదల్‌పూర్‌లో ఈ చిన్న మ్యూజియానికి ఆయన చాలా ఏళ్లు ఇన్‌చార్జిగా ఉన్నారు. సొంతూరు భోపాలపట్నం. వాళ్లది కిరాణా వ్యాపారం చేసే కుటుంబం. అన్నదమ్ములంతా కొట్లో కూర్చుంటే ఈయనొక్కడే రాళ్ల వెంట పడ్డాడని ఇంట్లోవాళ్లు నవ్వేవారట. పొట్టి మనిషి. నుదుట చిన్న బొట్టు, చొక్కా జేబులో కొలత టేపు. తెలుగు, హిందీ, హల్బీ, గోండీ, దోర్లీ అన్నీ వచ్చు. ఎదుటి మనిషి ముఖం చూసి ఏ భాషలో పలకరించాలో తేల్చుకునేవారు. నేను కిరండూల్‌లో పుట్టి పెరిగాను. నాన్న గనిలో ఆపరేటరు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. మా ఇంట్లో రోజు ప్రార్థనతో మొదలై ప్రార్థనతోనే ముగిసేది. పదేళ్లకే కీర్తనలు సగం నాకు కంఠతా వచ్చు. పన్నెండేళ్లకు సండే స్కూల్‌లో చిన్నపిల్లలకు పాఠం చెప్పేదాన్ని. విగ్రహం అన్న మాట వింటేనే ఒళ్లు ముడుచుకునే మనిషిని నేను. అలాంటిదాన్ని చరిత్ర చదివి ఈ ఉద్యోగంలో చేరాను. దేవుడు మనుషుల్ని ఎందుకు ఎక్కడికి పంపుతాడో మనకు ముందే చెప్పడు.

చేరిన వారంలోనే నాకు అప్పగించిన పని, వస్తువుల పక్కన పెట్టే చీటీలు రాయడం. పొడవాటి కొయ్య స్తంభం ఒకటుంది. దాని మీద గొడుగు, ఎడ్లు, సైకిలు, మనుషుల వరుస. నేను హిందీలో, "ఆదివాసుల దేవతా స్తంభం" అని చక్కగా రాసి పెట్టాను. రాజేశం గారు కళ్లజోడు పైకి నెట్టుకుని చదివారు.

"దేవుడని ఎవలు చెప్పిండ్రు?"

"చూస్తే తెలుస్తుంది కదండీ."

"మంచిగ చూసినవా? ఇటు రా." ఆయన స్తంభం మీది ఒక బొమ్మను గోటితో చూపించారు. నిలబడ్డ మనిషి, ఎడమ మణికట్టు మీద గుండ్రంగా చెక్కిన గీత. "చేతికి గడియారం పెట్టుకున్న దేవుణ్ణి ఏడనన్న చూసినవా పాస్టరమ్మా?"

నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. అది ఒక చనిపోయిన మనిషి కోసం అతని కుటుంబం నిలబెట్టిన స్తంభం. సైకిలు అతనిది, ఎడ్లు అతనివి. ఊళ్లో మొదట గడియారం కొన్నది అతనేనట. "వస్తువు కనపడంగనే ఇది ఏంది అని అడుగుతరు అందరు," అన్నారాయన, నా చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంటూ. "నువ్వు అట్ల అడగకు. ఇది ఎవలది అని అడుగు. ఏందో దానంతటదే తెలుస్తది." ఆ పేరు కోసం ఆయన నన్ను ఆ ఊరికి రెండుసార్లు పంపారు. మొదటిసారి ఎవరూ చెప్పలేదు. రెండోసారి ఒక ముసలాయన చెప్పాడు. చీటీ మీద ఆ పేరు ఇప్పటికీ ఉంది.

ఆ రోజు నుంచి పాస్టరమ్మ అన్న పేరు నాకు స్థిరపడిపోయింది. ఆయన వేళాకోళంలో విషం ఉండేది కాదు. శుక్రవారం నేను ఉపవాసం ఉంటానని తెలిసి ఆ రోజు నా ఎదుట టీ కూడా తాగేవారు కాదు.

బార్సూరుకు స్కూలు పిల్లల్ని తీసుకెళ్లడం మా ఇద్దరి పని. అక్కడ ముప్పై రెండు స్తంభాల పాత గుడి ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు నేను మెట్ల దగ్గరే ఆగిపోయాను. లోపలికి రానని చెప్పాలంటే భయం, వెళ్లాలంటే అంతకంటే భయం. ఆయన గమనించారు. పిల్లల చెప్పుల కుప్ప చూపించి, "నువ్వు ఈడనే ఉండు, వీటికి కాపలా. ఊకె కూసోకు, బయటి నుంచి స్తంభాలు లెక్కపెట్టు," అని పిల్లల్ని తీసుకుని లోపలికి వెళ్లారు. నేను నిలబడ్డ చోటి నుంచి పంతొమ్మిదే కనిపించాయి. ఆయన బయటికొచ్చాక అదే చెప్పాను.

"మిగతా పదమూడు లోపల ఉన్నయి. నేను చెప్తున్న, నమ్ముతవా?"

"నమ్ముతానండీ."

"చూడకుండ నమ్ముడు నీకు అలవాటే గద," అన్నారు. అని తనే ముందు పకపకా నవ్వారు. నేను మూతి బిగించుకున్నాను గానీ, తిరుగు ప్రయాణంలో జీపులో నాకూ నవ్వు ఆగలేదు. తర్వాత ఎప్పుడూ నన్ను లోపలికి రమ్మని అడగలేదు. బయట గోడ అడుగున శిల్పుల ఉలి దెబ్బలు ఎలా పోల్చుకోవాలో, వంకర దెబ్బను బట్టి ఎడమచేతి వాటం పనివాణ్ణి ఎలా పట్టుకోవాలో నేర్పారు. గుడి లోపలిది తనది, గోడ బయటిది నాది అన్నట్టు ఒక ఒప్పందం, మాటల్లేకుండా.

ఇంతవరకు రాసింది ఆయన ఎలాంటివారో తెలియడానికి. ఇక నా తప్పు గురించి రాయాలి.

నేను ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు మా తెలుగు క్రైస్తవ సంఘం ఊరి చివర ప్రార్థన గది కట్టుకుంది. అప్పటిదాకా ఒకరి ఇంటి వరండాలో కూడుకునేవాళ్లం. గోడలు లేచాయి, రేకులు పడ్డాయి, గుమ్మానికి గడప మిగిలింది. ఆ రోజుల్లో దంతెవాడ వైపు ఒక విశ్వాసి ఇంట్లో కృతజ్ఞత కూడికకు పికప్ బండిలో వెళ్లాం. తిరిగి వస్తుంటే, పొద్దు వాలే వేళ, రోడ్డు పక్క తుప్పల్లో పొడవాటి పలక రాయి ఒకటి పడి ఉంది. సంఘ పెద్ద ప్రభుదాసు గారు బండి ఆపించారు. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, కట్టుబడి పనంతా ఆయన చేతి మీదే నడిచింది.

"కృపమ్మా, చూడు, కొలిచి చేయించినట్టుంది. మన గుమ్మానికి సరిగ్గా సరిపోతుంది. నువ్వు మ్యూజియం మనిషివి, చెప్పు. తీసుకోవచ్చా?"

నేను దిగి, రాయి పక్కన కూర్చుని చూశాను. పసుపు ఉందా? లేదు. నూనె మరక? లేదు. ఈక గానీ, దారం గానీ, చెక్కడం గానీ? ఏమీ లేవు. విగ్రహారాధన గుర్తులు వెతకడంలో నా కళ్లు చిన్నప్పటి నుంచీ తర్ఫీదు పొందినవి. అవి ఏవీ లేకపోయేసరికి నా మనసు తేలికపడింది. "రోడ్డు పనివాళ్లు వదిలేసినట్టున్నారండీ. ఊరికే పడి ఉన్న రాయి," అన్నాను. రాజేశం గారి ప్రశ్న ఆ క్షణం గుర్తు రాలేదని చెబితే అబద్ధమవుతుంది. వచ్చింది. అడగడానికి ఇక్కడ ఎవరున్నారు అనుకున్నాను. పొలం అవతల ఒక గుడిసె నుంచి పొయ్యి పొగ లేస్తూనే ఉంది. ఆరుగురు మగవాళ్లు రాయిని బండెక్కించారు. దారంతా పాటలు పాడుకుంటూ వచ్చాం.

ప్రతిష్ఠ ఆదివారం. శనివారం సాయంత్రం మేం ఊడ్చి, కాగితపు తోరణాలు కడుతుంటే రాజేశం గారు జిలేబీ పొట్లం పట్టుకుని వచ్చారు. నేనే పిలిచాను. ఆయన చెప్పులు విడిచి, ఒక కాలు ఎత్తి, ఎత్తిన కాలు అలాగే వెనక్కి దించారు. గడప పక్కన గొంతుక్కూర్చుని బొటనవేలితో రాయిని ఒక కొస నుంచి రెండో కొస దాకా తడిమారు.

"ఈ రాయి ఏడిది?"

చెప్పాను.

"ఎవలది అని అడిగినవా?"

"పడి ఉందండీ. పసుపు లేదు, నూనె లేదు, చెక్కడం కూడా..."

"నేను అడిగింది గది కాదు."

ఆయన నా చెయ్యి పట్టుకుని కింద కూర్చోబెట్టారు. రాయికి ఎడమ కొస నుంచి జానెడున్నర మేర ఎర్రమట్టి రంగు పట్టి ఉంది. అక్కడ నిలువు గీత గీసినట్టు ఆ రంగు ఆగిపోయింది. గీత దాటాక రాయి బూడిద రంగు, దాని మీద నాచు ఎండిన తెల్లటి మచ్చలు. "ఇంత మేర భూమిల ఉన్నది. మిగతాది ఎండకు వానకు నిలబడ్డది. పడుకున్న రాయికి ఈ గీత ఉండదు బిడ్డా. ఇది ఎవలో సచ్చిపోయిన మనిషి కోసం పాతిన రాయి. ఏ బండో తగిలి పడ్డట్టుంది."

ఆయన నన్ను బిడ్డా అనడం అదే మొదటిసారి. వేళాకోళం చేసి ఉంటే బాగుండేదని అనిపించింది.

"ఇప్పుడేం చేయాలండీ?"

"నాకేం తెలుసు. మీ మందిరం, మీ దేవుడు. నేనైతే ఎవలికీ చెప్ప. సోమవారం జీపు ఖాళీనే." జిలేబీ పొట్లం నా చేతిలో పెట్టారు. లోపలికి రమ్మన్నాను. "వస్త. ఇయ్యాల కాదు," అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు.

ఆదివారం గది కిక్కిరిసింది. పిల్లలు ఒక్కొక్కరే ఆ రాయి మీద ఎగిరి లోపలికి దూకుతుంటే నేను చూపు తిప్పుకున్నాను. ఎదుటి గోడ మీద సండే స్కూల్ పిల్లలు గీసిన చార్టు ఉంది. నేను చెప్పిన పాఠమే: యొర్దాను దాటిన జనం నది నడుమ నుంచి పన్నెండు రాళ్లు మోసుకొచ్చి నిలబెట్టడం, రేపు మీ పిల్లలు ఈ రాళ్లేమిటని అడిగితే చెప్పాలి సుమా అని పెద్దలు అనడం. పిల్లలు రంగు పెన్సిళ్లతో పన్నెండు రాళ్లూ పొందికగా దిద్దారు. ఆ పాఠం చెప్పిన నోటితోనే నేను, ఊరికే పడి ఉన్న రాయి అన్నాను.

చెప్పకుండా ఉండటానికి కారణాలు లేకపోలేదు. మా సంఘానికి అది మొదటి ఆదివారం. పైగా ఈ ప్రాంతంలో, ప్రార్థనలు చేసుకునేవాళ్లు మా పెద్దల రాయి ఎత్తుకుపోయారన్న మాట ఒక ఊరు దాటితే ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. సాక్ష్యం చెప్పేవాళ్లు లేచి నిలబడండి అని పాస్టరు అయ్యగారు పిలిచినప్పుడు నా కాళ్లే ముందు లేచాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రాయి ఎత్తమన్నది నేనే అని కూడా చెప్పాను.

కొందరు తిరిగి గడప వైపు చూశారు. తర్వాత ప్రభుదాసు గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, దొంగతనం చేయలేదు కదా మనం. తెలియక తెచ్చాం. ఇప్పుడు గడప పగలగొట్టి, ఆ ఊరికి మోసుకెళ్లి, మేమే తెచ్చాం కొట్టండి అని వీపు చూపించాలా? రాయి రాయే. దేవుని మందిరానికి గడపైంది, దానికంటే ఘనత ఏముంది?"

కొందరు తలలూపారు. మా అయ్యగారు ముసలివారు, నెమ్మదిగా మాట్లాడేవారు. "పొరుగువాడి సరిహద్దు రాయి జరపకూడదని మనకు ఆజ్ఞ ఉంది ప్రభుదాసూ. పొలం గట్టు రాయికే అంత చెప్పినవాడు, మనిషి గుర్తుగా పాతిన రాయికి ఊరుకుంటాడా? రేపు తీసుకెళ్దాం. నేనూ వస్తాను."

కూడిక ముగిసింది. బయటికి వెళ్తూ మొదటి మనిషి గడప దగ్గర ఆగాడు. రాయి తొక్కకుండా పెద్ద అడుగు వేసి దాటాడు. వెనకాల వాళ్లూ అంతే. ముసలమ్మలు కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని దాటారు. అందరికంటే చివర ప్రభుదాసు గారు, మోకాళ్ల నొప్పితో, గుమ్మం పట్టుకుని, "ప్రభువా" అంటూ దాటారు.

సోమవారం పికప్‌లో రాయి, జీపులో రాజేశం గారు, అయ్యగారు, ప్రభుదాసు గారు, నేను. ఆ పొయ్యి పొగ గుడిసెలో ఉన్నది బుద్రి అనే పెద్దామె. రాయి ఆమె భర్తది, పేరు జోగా. మమ్మల్ని, బండిలోని రాయిని మార్చి మార్చి చూసింది. ఇరుగుపొరుగు మగవాళ్లు ఏడెనిమిది మంది వచ్చి వెనక నిలబడ్డారు. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. బుద్రి గోండీలో ఏదో అడిగింది.

"ఇన్ని దినాలు ఏడున్నడు అని అడుగుతున్నది," అన్నారు రాజేశం గారు. రాయి ఎక్కడుంది అని కాదు, ఎక్కడున్నాడు అని.

"మా ప్రార్థన గది గుమ్మంలో," అన్నాను. ఆయన చెప్పారు. ఆమె మళ్లీ అడిగింది.

"గుమ్మంల ఏడ అంటున్నది."

నేను రాజేశం గారి వైపు తిరిగాను. "సార్, మీరే ఏదో ఒకటి..."

"నేను ఈ నోటి మాట ఆ చెవిల వేసేటోణ్ణి. తగ్గించి చెప్పుడు నా పని కాదు. ఏం చెప్పాల్నో నువ్వు చెప్పు."

"అడుగున," అన్నాను. "గడపగా వేశాం. తొక్కాం. తెలియక తొక్కాం. తీసుకోవచ్చని చెప్పింది నేనే." చేతులు జోడించాను. ఆయన ఒక్క మాట కూడా వదలకుండా చెప్పారు. వెనక ఉన్న మగవాళ్లలో గుసగుస లేచింది. ఒకతను ముందుకు రెండడుగులు వేశాడు. అయ్యగారు నా పక్కకు వచ్చి నిలబడ్డారు.

బుద్రి చెయ్యి ఎత్తి అతణ్ణి ఆపింది. రాయి వైపు చూసింది. తర్వాత అడిగింది, అక్కడ మీరేం చేస్తారని.

"పాటలు పాడుతాం," అన్నాను.

ఆమె ఏదో అంది. రాజేశం గారు ఒకసారి ముక్కు చీదుకుని చెప్పారు. "పాటలంటే ఆయనకు పాణం అంటున్నది. గుమ్మంల కూసొని విన్నడేమో అంటున్నది."

రాయి నిలబెట్టేటప్పుడు ఆమె నన్ను పిలిచి గుంట పక్కన కూర్చోమంది. మట్టి నేను పొయ్యాలి, నా చేతులతోనే కూరాలి. అది ఆమె వేసిన శిక్షో, ఇచ్చిన చోటో నాకు తెలియదు. ఎర్రమట్టి గీత దాకా గోళ్లు నిండేలా కూరాను. తర్వాత ఆమె ఆకు దొన్నెలో ఇప్పసారా ఇచ్చి రాయి మొదలు దగ్గర పొయ్యమంది. నా చెయ్యి ముందుకు రాలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. అప్పటిదాకా నేను అన్న మాటలు తప్ప సొంత మాట ఒక్కటీ కలపని రాజేశం గారు ఆ ఒక్కసారి కలిపారు. "ఈ పిల్ల వాళ్ల దేవునికి మాట ఇచ్చుకున్నది. మట్టి ఆమెది, ఇది నాది," అని గోండీలో చెప్పి, దొన్నె అందుకుని తనే పోశారు. ఏమన్నారో నాకు తర్వాత జీపులో చెప్పారు. నేను కళ్లు మూసుకుని బుద్రి కోసం, ఆ ఇంటి కోసం నా దేవునికి ప్రార్థించాను. అక్కడ ఎవరూ దానికి అభ్యంతరం చెప్పలేదు.

వెనక్కి వస్తూ ప్రభుదాసు గారు ఒకే మాట అన్నారు: "వీపు చూపించాల్సిన పని రాలేదమ్మా." రాజేశం గారు స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి నవ్వారు.

గడప చోట సిమెంటు పోశాం. ఆ క్రిస్మస్‌కు రాజేశం గారు వచ్చారు. గుమ్మం దగ్గర ఆగి, ఏమీ లేని సిమెంటును చూసి, అయినా పెద్ద అడుగు వేసి దాటి, వెనక బల్ల మీద కూర్చున్నారు. ప్రసంగం అంతా కునికిపాట్లు పడి, భోజనాల దగ్గర మాత్రం మేలుకున్నారు. రిటైరై భోపాలపట్నం వెళ్లిపోయాక ఏడాదికి ఒకసారి ఫోన్ చేసి, "వేపనూనె రాసినవా?" అని అడిగేవారు. ఇప్పుడు ఆయన కుర్చీలో నేను కూర్చుంటున్నాను. కొత్త వస్తువు ఏది వచ్చినా రిజిస్టరులో మొదటి గడి పేరుది. ఆ గడి నిండేదాకా రెండో గడిలో కలం పెట్టను. ఆయన దేవుళ్ల దగ్గరికి నేను వెళ్లలేదు, నా దేవుని దగ్గరికి ఆయన రాలేదు. అది నాకు ఇప్పటికీ బాధే. ఆయన కోసం చేసిన ప్రార్థనలు ఎక్కడికీ పోవని మాత్రం నమ్ముతాను.

మా సంఘంలో ఆ రోజు ఉన్నవాళ్లలో సగం మందే మిగిలారు. అయినా మా వాళ్లెవరూ గుమ్మం దగ్గర మామూలు అడుగు వేయరు. పెద్దలు దాటుతారు కాబట్టి పిల్లలూ దాటుతారు. కొత్తగా వచ్చినవాళ్లు ఒకటి రెండు ఆదివారాలు తొక్కి, మూడో ఆదివారం దాటడం మొదలుపెడతారు. మొన్న సండే స్కూల్‌లో చిన్నపిల్ల ఒకతె చెయ్యెత్తి, ఇక్కడ ఏమీ లేదు కదా, అందరూ ఎందుకు దాటుతారని అడిగింది. ఒకప్పుడు ఇక్కడ ఒక రాయి ఉండేదమ్మా అని మొదలుపెట్టాను. నన్ను పూర్తి చేయనివ్వలేదు.

"ఎవరిది?" అంది.

"జోగాది," అన్నాను.